ఏకశిలానగర దర్శనము: ఓరుగంటి శిథిలములును వాని సాక్ష్యమును

ఆంధ్రదేశమునఁ బూర్వరాజధానులు పెక్కులు గలవు. వేంగి పల్లెయై పెదవేగి యను పేరఁ బొలముల నడుమ నున్నది. ధాన్యకటకము స్తూపశేషముల వలననే తెలియవచ్చుచున్నది. తెలుఁగు మాటాడు భూభాగమును దాదాపు సమగ్రముగా నొక్క గొడుగు క్రిందికిఁ దెచ్చిన కాకతీయుల రాజధాని యగుటచే ఓరుగంటికి వీనిలో విశేషగౌరవము గలదు. పాఠశాలల నుండి పండితులు విద్యార్థులను వెంటఁబెట్టుకొని యీ నగరమును జూపింపఁ బోవుట వాడుకయైనది. అది మంచి వాడుకయే. కాని యచ్చట చెప్పఁబడు మాటలలో శాసనము చెప్పినది కొంత, చరిత్రకావ్యము చెప్పినది కొంత, ఊరివారి వదంతి కొంత కలిసిపోయి, విను బాలునకు మూఁడును సమానప్రమాణములుగాఁ దోఁచును. ఏ రాయి యే మాటకు సాక్ష్యమో విడఁదీసి చూచినప్పుడే దర్శనము చరిత్రజ్ఞానమగును.

అనుమకొండ

ఓరుగల్లును జూడఁదలఁచినవాఁడు మొదట కోటకుఁ బోరాదు. కోటకు ఆమడలోపు దూరముననున్న అనుమకొండయే కాకతీయుల తొలి రాజధాని. అచ్చటి పద్మాక్షిగుట్ట మీఁద నొక శిలాస్తంభము గలదు. రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్యయగు మైలమ కడలాలయ బసది యను జైనాలయమును గట్టించి దానమిచ్చినట్లు దానియందలి క్రీ.శ. 1117 నాఁటి శాసనము చెప్పుచున్నది. నేఁడా గుట్టమీఁది దేవత పద్మాక్షియై పూజలందుకొనుచున్నది. బతుకమ్మ పండువకు ఊరి స్త్రీలు గుట్టక్రింది గుండమునకు వత్తురు. గుహలోని రాతిమీఁద జినబింబము లిప్పటికిని గానవచ్చును. శైవులని ప్రసిద్ధికెక్కిన రాజుల యూర వారి మంత్రి భార్య జైనధర్మమునకు దానమిచ్చెనని తెలిసికొనుట కాకతీయచరిత్రకు మొదటి పాఠము. పన్నెండవ శతాబ్ది యారంభమున నీ ప్రాంతమున మతములు ప్రక్కప్రక్కన బ్రదికినవనుటకు ఆ స్తంభము సాక్ష్యము.

గుట్టకుఁ జేరువనే వేయిస్తంభముల గుడి గలదు. స్తంభముల లెక్క వేయి యని యెవ్వరును నిరూపింపలేరు; వేయి యనునది బహుత్వమును జెప్పు మాట. శాసనమునందలి దేవునిపేరు రుద్రేశ్వరుఁడు. ప్రోలరాజు కుమారుఁడగు రుద్రదేవుఁడు శా.శ. 1084 చిత్రభాను సంవత్సర మాఘమున, అనఁగా క్రీ.శ. 1163 జనవరిలో, ఈ గుడియందు రుద్రుని, వాసుదేవుని, సూర్యుని ముగ్గురను ప్రతిష్ఠించెను. అందుచే నిది త్రికూటాలయము. మూఁడు గర్భగృహములకు నడుమ నొక్కటే రంగమండపము. దాని కెదుట నందియు, నందికావల నెన్నో కంబములుగల మహామండపమును గలవు. ఈ మహామండపము కుంగిపోవుటచే దానిని ఈ శతాబ్దారంభమున రాయిరాయిగా విప్పిరి. పునర్నిర్మాణము ముగిసి 2024లో అది మరల జనులకుఁ దెఱవఁబడినది.

గుడిశిల్పమును జూచి యానందించువారనేకులు. గుడిశాసనమును జదువువారు కొందఱే. అచింతేంద్రుఁడను కవి సంస్కృతమున రచించిన ఆ శాసనమును ఫ్లీట్ పండితుఁడు 1882లో ప్రకటించెను. కాకతీయచరిత్రకు ఆ శాసనము ప్రథమసోపానమని చెప్పనగును. పశ్చిమచాళుక్యులకు సామంతులై యుండిన కాకతీయులలో రుద్రదేవుఁడు తన వంశమును, దొమ్మరాజు, భీముఁడు మొదలగు శత్రువులమీఁది తన విజయములను వర్ణింపించి, సార్వభౌముని యాజ్ఞను జెప్పక తన పేరనే శాసనము వేయించెను. ఒక సామంతకుటుంబము స్వతంత్రరాజవంశముగా మాఱిన ముహూర్త మా రాతిమీఁద నిలిచియున్నది. విద్యార్థికి మొదటఁ జూపవలసినది స్తంభముల నునుపు గాదు, ఈ శాసనము.

ప్రాకారములు

రుద్రదేవుని కడపటి దినములలో నారంభమై, గణపతిదేవుని కాలమున (1199–1262) బలపడి, క్రొత్తరాజధాని ఓరుగంట వెలసెను. దాని నామమునకుఁ గారణము కోటలోపలి యొంటిగుట్ట. ఒక్క రాయిగా నిలిచిన యా గుట్టను బట్టియే సంస్కృతకవులు నగరమును ఏకశిల యనిరి. బండి యొకటి యొరగి, దాని చక్రపుటినుము పరుసవేదిని దాఁకి బంగారమయ్యెననియు, ప్రోలరాజచ్చట స్వయంభూలింగమును నిలిపెననియుఁ జెప్పు కథ ప్రతాపరుద్రచరిత్రాది గ్రంథములలోఁ గలదు. అది కథగా మనోహరము. చరిత్రగాఁ బ్రమాణము గాదు. ఏకశిలానగరమను నీ పేరే పోతన జన్మస్థలమును గూర్చి ఒంటిమిట్టకును ఓరుగంటికిని నడుమ దీర్ఘవివాదమునకుఁ గారణమైనదను సంగతి పండితులకుఁ గ్రొత్తగాదు.

కోటకుఁ బెక్కు వలయములు గలవు. లోపలిది రాతికోట. దాని యడ్డుకొలత మైలులో మూఁడుపాళ్లుండును. నలుదిక్కుల నాలుగు వాకిళ్లు, చుట్టును 45 కొత్తళములు గలవు. పెద్ద పెద్ద రాళ్లను సున్నము లేక యొకదానిపై నొకటి యమర్చి కట్టిరి. లోపలివైపున మట్టికట్టయు, దానిపై కెక్కుటకు రాతిమెట్లును గలవు. ఎచ్చట ముట్టడి కలిగినను సైనికులు క్షణములో గోడపైకిఁ జేరుట కీ మెట్లు సాధనము. దీనికావల కందకము, దానికావల ఒకటిన్నర మైలు అడ్డుకొలతగల మట్టికోట. దానికిని కందకము గలదు. రాతిగోడను గణపతిదేవుఁడు కట్టింపఁగా రుద్రమదేవి (1262–1289) ఎత్తుచేయించెనని చరిత్రకారుల నిర్ణయము. వాకిళ్లలోని దారి తిన్నఁగా నుండదు, రెండుమాఱులు వంగును. పరుగున వచ్చు ఏనుఁగుగాని గుఱ్ఱపుదండుగాని యా వంకరలయందు వేగము గోల్పోవును. పైనున్నవారి బాణములకు ప్రక్క చూపవలసివచ్చును.

సామాన్యముగాఁ జూపఱులు రాతికోటను మెచ్చి మట్టికోటను గట్ట యనుకొని దాఁటిపోదురు. నాఁటి శత్రువులు మాత్ర మట్లనుకొనలేదు. 1310లో మలిక్ కాఫర్ ఓరుగంటిని ముట్టడించినప్పటి వృత్తాంతమును వ్రాసిన అమీర్ ఖుస్రో యా మట్టిగోడ గట్టిదనమును విశేషించి కొనియాడెను. ఉక్కుబల్లెముగూడ దానిలోఁ దిగదనియు, రాళ్లయంత్రములు రువ్విన గుండ్లు వెనుకకు మరలుననియు నతని వర్ణనము. అతఁడే మఱియొక సంగతియుఁ దెలిపెను: నగరపు భవనములును దోఁటలును కానవచ్చునని తురుష్కసైన్యములో వేయిమంది యాశ్వికులు ముందుగా అనుమకొండ గుట్టను బట్టుకొనిరఁట. విడిచిన పాతరాజధానియే క్రొత్తరాజధానిని జూచుటకు శత్రువునకు మెట్టయైనది. కోట కట్టించినవారి నేర్పునకు శత్రుపక్షపు రచయిత యిచ్చిన ప్రశంసకంటె మేలైన ప్రమాణము దొరకదు. కావున బయటి మట్టికట్ట మీఁద నొక గడియ నిలువక లోపలికిఁ బోవువాఁడు కోటలో సగము చూడనివాఁడే.

తోరణములు

కోటనడుమ నాలుగు దిక్కుల నాలుగు రాతితోరణములు నిలిచియున్నవి. ఒక్కొక్కటి రమారమి ముప్పది యడుగుల యెత్తు. హంసలు, మకరములు, పద్మపుమొగ్గలు చెక్కిన యీ తోరణములే నేఁడు ఓరుగంటికి గుఱుతు. 2014లో నేర్పడిన తెలంగాణరాష్ట్రము తన రాజచిహ్నమునఁ గాకతీయతోరణమును జేర్చుకొన్నది. వీనికిఁ గీర్తితోరణములని పేరు. ఈ పేరు చెవికింపైనను బుద్ధిని దారి తప్పించును. రాజు తన దిగ్విజయమునకై నాలుగు జయద్వారములు నిలిపెనని పెక్కుమంది భావింతురు. స్థలమును బట్టి చూడఁగా నది సరిపడదు. నాలుగు తోరణములును ఒక్క కేంద్రమువైపు తిరిగియున్నవి. ఆ కేంద్రమున విఱిగిన దూలములు, కంబములు, నందులు, చెక్కడపు రాళ్లు రాశులుగాఁ బడియున్నవి. అవి స్వయంభూదేవుని మహాలయ శేషములు. తోరణము లా యాలయప్రాంగణపు ప్రవేశద్వారములు. దగ్గఱనే ఐనవోలు మల్లికార్జునాలయమునందును ఇట్టి తోరణములు దేవాలయాంగములుగానే కానవచ్చుటచే నీ మాట దృఢమగుచున్నది.

కనుక కోటలోఁ జూడవలసిన వస్తువులలో ముఖ్యమైనది కానరాని వస్తువే. నాలుగు ద్వారములుండి ఇల్లు లేదు. రుద్రమదేవి యా యాలయమునకు రంగమండపమును జేర్పించెనని చరిత్రకారులు చెప్పుదురు. సింహముపై స్త్రీరూపముగల చెక్కడము లీ శేషములలోఁ గలవు. రాజ్యమునకుఁ గులదైవ మచ్చట నుండుటచే నగరనిర్మాణమంతయు ఆ గుడినే నాభిగాఁ జేసికొని, నాలుగు వాకిళ్ల దారులను దానివైపునకే నడపినది. రాజనగరు గుడికి ప్రక్కన నుండెను, నడుమ దేవుఁడుండెను.

మఱి గుడి యెట్లు పోయినది? తోరణము లెట్లు నిలిచినవి? 1323లో ఉలుగ్ ఖాన్ రెండవమాఱు దండెత్తివచ్చి, నెలలకొలఁది ముట్టడించి, ప్రతాపరుద్రునిఁ బట్టుకొని ఢిల్లీకిఁ బంపెను. దారిలో నర్మదాతీరమున నా రాజు దేహము చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలసతామ్రశాసనము వలనఁ దెలియుచున్నది. నగరమునకు సుల్తాన్‌పూర్ అను క్రొత్తపేరు వచ్చెను. ఆలయమును గూల్చి యా స్థలమున జామామసీదును గట్టిరనియు, తోరణములమీఁద దేవతాప్రతిమలు ముఖ్యముగా లేమిచే వానిని మసీదు ప్రాంగణమునకు ద్వారములుగా నట్లే నిలిపిరనియు ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ అను పండితులు 2001లోఁ బ్రకటించిన వ్యాసమున నిరూపింపఁ బూనిరి. ఈ సిద్ధాంతము నంగీకరించినచో తోరణములు నిలుచుటకు దైవికమైన కారణమును వెదకనక్కఱలేదు. జయించినవాఁడు పడఁగొట్టినదానికిని ఉంచినదానికిని గూడ నొక యాలోచన యుండెను. 1591లో కుతుబ్‌షాహి ప్రభువు నాలుగుదారుల కూడలియందు చార్మినారును గట్టించునప్పుడు ఓరుగంటి చతుస్తోరణ మతని మనసున నుండెనని కొందఱు పండితుల యూహ. అది నిజమైనచో కాకతీయుల నగరరచన యా రాజ్యము నశించిన రెండున్నర శతాబ్దులకుఁ బిమ్మటఁ గూడ నొక రాజధానికి మాతృకయైనదన్నమాట.

సభాభవనము

తోరణములకుఁ బడమటఁ గొంతదూరమున ఖుష్‌మహల్ అను భవనము గలదు. దాని నుభయులు నుభయవిధములఁ జెప్పుదురు. ఊరివారిలోఁ గొంద ఱది కాకతీయుల దర్బారందురు. గ్రంథములలో పెక్కింట నది షితాబుఖానుని మహలని యున్నది. ఈ షితాబుఖానుఁడు సీతాపతి యను హిందువు. పదునాఱవ శతాబ్ది యారంభమున ఓరుగంటి నేలినవాఁడు. అతని శాసనము 1504 నాఁటిది కోటలో దొరకినది; హీరానందశాస్త్రి దానిని 1932లో నైజాము పురాతత్త్వశాఖ పక్షమునఁ బ్రకటించెను. తురుష్కులు తొలఁగించిన పాంచాలరాయఁడను కృష్ణుని, కాకతిరాజ్యలక్ష్మియగు దేవతను మరల నిలిపినట్లు దానివలనఁ దెలియుచున్నది. ముస్లిముపేరు వహించినవాఁడు, కాకతీయులు పోయిన నూటయెనుబది యేండ్లకు, వారి దేవతలను వెదకి పునఃప్రతిష్ఠ చేసెను. ఓరుగంటి స్మృతి ఎంతకాలము బ్రదికియుండెనో తెలియుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

కాని శాసనము దేవతలను గూర్చినది. భవనము నతనికిఁ గట్టఁబెట్టుట తరువాతివారి వాడుక. కట్టడపు తీరును జూడుఁడు. గోడలు నిట్టనిలువుగాఁగాక పైకిఁ బోను పోను లోనికి వంగియున్నవి. లోపల నడ్డముగా పెద్ద పెద్ద కమానులు పైకప్పును మోయుచున్నవి. ఇట్టి వాలుగోడలు ఢిల్లీ తుగ్లకుల కట్టడములకు లక్షణములు. అందుచే నిది 1323 తరువాత సుల్తాన్‌పూరును బాలించిన తుగ్లకుల సభాభవనమే యని యిప్పటి శిల్పచరిత్రజ్ఞుల నిర్ణయము. దానిని కాకతీయుల దర్బారని విద్యార్థికిఁ జూపుట తప్పుపాఠము. గుడి తోరణములను మసీదు ద్వారములుగా నుంచుకొన్నవారే, వాని కెదుట తమ కొలువుకూటమును గట్టిరి. ఈ రెంటిని గలిపి చదివినప్పుడే 1323 నాఁటి మార్పు కన్నులకుఁ గట్టును.

ఆ కాలమును గూర్చియే మఱియొక విషయము స్మరణీయము. ఓరుగంటికి తుగ్లకుల యధికారిగానుండిన మలిక్ మక్బూల్ పూర్వాశ్రమమునఁ దెలంగాణమువాఁడు, కాకతీయరాజు కొలువులోనివాఁడు అని అఫీఫ్ వ్రాసెను. 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుఁడు ఓరుగంటిని మరలఁ గైకొనఁగా మక్బూల్ ఢిల్లీకిఁ బోయెను. పిమ్మట ఫిరోజ్‌షాహునకు ప్రధానమంత్రియై ఖానిజహాన్ బిరుదమందెను. అతని యష్టకోణసమాధి ఢిల్లీలో నిజాముద్దీను ప్రాంతమున నున్నది. ఓరుగంటివాఁ డొకఁడు ఓడి నర్మదాతీరమున మడిసెను. మఱియొకఁడు ఓడి ఢిల్లీ సింహాసనమునకు ప్రక్కనఁ గూర్చుండెను. కూలిన రాజధానినుండి మనుష్యు లెన్ని దారులఁ బోయిరో శిథిలములు చెప్పఁజాలవు, గ్రంథములే చెప్పవలెను.

కావ్యసాక్ష్యము

రాళ్లలోఁ గానరాని మఱియొక వస్తువు నగరజనము. కోటగోడలు, గుడితోరణములు, కొలువుకూటములు మిగిలినవిగాని అంగడులు, ఇండ్లు, పూటకూళ్లుమిగులవు. ఈ లోపమును దీర్పఁగల గ్రంథము తెనుఁగున నొకటి గలదు: క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృతప్రేమాభిరామమునకు ఆంధ్రీకరణమైన ఈ వీథినాటకమును మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలువరించెను. కర్త వినుకొండ వల్లభరాయఁడా, శ్రీనాథుఁడా యను వివాదమును వేటూరి ప్రభాకరశాస్త్రి శ్రీనాథపక్షమున నడపెను. మంచనశర్మ యను బ్రాహ్మణుఁడును టిట్టిభసెట్టి యను వైశ్యుఁడును ఒకదిన మోరుగంటి వీథులఁ దిరుగుటయే దాని కథ. వారు వెలిపాళెమును జూతురు, ఏకవీరను, కాకతమ్మను దర్శింతురు, పలనాటివీరుల కథను బాడు స్త్రీని విందురు, పొట్టేళ్లపోరు, కోడిపందెము చూతురు, పూటకూటింట భుజింతురు, ప్రతాపరుద్రుని వేశ్యయగు మాచలదేవి చిత్రశాలాప్రవేశ వార్తను విందురు.

నగరదర్శనము నీవిధముగా నడపిన పూర్వతెలుఁగుకావ్యము మఱియొకటి లేదు. అట్లని దానిని గన్నులార చూచినవాని వ్రాఁతగాఁ గొనరాదు. తెలుఁగు గ్రంథము ప్రతాపరుద్రుఁడు గతించిన చాలకాలమునకు, ఓరుగంటి వైభవము కథగా మిగిలిన దినములలోఁ బుట్టినది. మూలమగు ప్రేమాభిరామ మిప్పుడు లభింపదు. ఏది మూలములోని యోరుగల్లు, ఏది యనువాదకాలపు టూహ యని వేఱుపఱచుట కడుఁ గష్టము. ఐనను కాకతమ్మను గూర్చిన మాట నిలుకడగలది: కాకతి యనునది ఏకశిలానగర దుర్గాదేవి పేరని, ఆమెను గొలుచుటచే రాజులు కాకతీయులైరని ప్రతాపరుద్రీయవ్యాఖ్యాత కుమారస్వామి సోమపీథియుఁ జెప్పెను. షితాబుఖాను శాసనములోని కాకతిరాజ్యలక్ష్మియు నా దేవతాస్మృతినే నిలుపుచున్నది. కావ్యము, వ్యాఖ్యానము, శాసనము మూఁడును వేర్వేఱుకాలములవి. ఒకదాని నొకటి యెఱుఁగవు. అట్టి మూఁటికి నైకమత్యము కుదిరినచోట చరిత్ర నిలుచును. పరుసవేది కథ కట్టి తోడు లేదు.

ఇప్పటి కోట నిర్జనము గాదు. ప్రాకారములలోపల నిండ్లును బొలములును గలవు. నగరు రాళ్లు కొన్ని యిండ్లగోడలలోఁ జేరియున్నవి. కేంద్రమునఁ బడియున్న శేషములు పురాతత్త్వశాఖ రక్షణలో నున్నవి. విప్పిన మండపమును మరలఁ గట్టినట్లు స్వయంభూదేవుని గుడిని మరలఁ గట్టుట సాధ్యముగాదు. రాళ్లలోఁ జాలభాగము వేఱుకట్టడములకుఁ బోయినది. సాధ్యమైనది మఱియొకటి గలదు. తోరణముల నడుమ బాలురను నిలిపి, ఇచ్చట గుడి యుండెనని, దాని పేరిదని, అది పోయిన యేఁడిదని, ప్రక్క కొలువుకూటము దానిఁ బడఁగొట్టినవారిదని, నూటయెనుబది యేండ్లకు మరల నిచ్చట దేవతను నిలిపినవాని పేరు షితాబుఖానుఁడని వరుసగాఁ జెప్పుట. అంతవఱకుఁ జెప్పిన యుపాధ్యాయుఁడు గర్వమునకుఁగాని ద్వేషమునకుఁగాని తావీయక ఓరుగంటి చరిత్రను యథాతథముగాఁ జూపినవాఁడగును. దర్శనమును అనుమకొండ శాసనముతో నారంభించి షితాబుఖాను శాసనముతో ముగించినచో, 1163 మొదలు 1504 వఱకు మున్నూటనలువది యేండ్ల కథకు రెండుకొనలును రాతిమీఁదనే దొరకును.